చెవి ఉన్న ఇంజిన్

విజయవాడ ఆటోనగర్‌లో పాతకాలపు మేస్త్రీ ఇంజిన్ చప్పుడు వినే తీరు మీలో చాలామంది చూసే ఉంటారు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను నడుస్తున్న ఇంజిన్ బ్లాక్ మీద ఆనిస్తారు. పిడిని చెవి దగ్గరి ఎముకకు నొక్కుకుంటారు. చుట్టూ సుత్తి దెబ్బలు, వెల్డింగ్ చిటపటలు, లారీ హారన్లు. అవేవీ ఆయనకు పట్టవు. మొనను రెండంగుళాలు జరిపి మళ్లీ వింటారు. "నాకింగ్ కాదండీ, ట్యాపెట్ సౌండు" అని తేల్చి, స్క్రూడ్రైవర్‌ను మసిగుడ్డతో తుడిచి పక్కన పెడతారు.

స్వీడన్‌లోని సాబ్ కంపెనీ ఇంజినీర్లు 1980 ప్రాంతంలో చేసిన పనిని ఆటోనగర్ భాషలో చెప్పాలంటే, ఆ స్క్రూడ్రైవర్‌ను ఇంజిన్‌కే బిగించేశారు. కారు నడుస్తున్నంతసేపూ అది వింటూనే ఉంటుంది. విన్నదాన్ని బట్టి టర్బో ఎంత ఊదాలో తేలుతుంది. టర్బో కార్ల గురించి మాట్లాడేవాళ్లంతా హార్స్‌పవర్ అంకెలే చెబుతారు. నేను మాత్రం ఆ కార్లలోని పనితనాన్ని ఎవరికైనా చూపించాల్సి వస్తే ముందు ఈ చెవినే చూపిస్తాను. దాని గొప్ప తెలియాలంటే అది ఏ తగాదా తీర్చడానికి పుట్టిందో తెలియాలి. కంప్రెషన్‌కీ బూస్ట్‌కీ మధ్య ఉన్న తగాదా అది.

ముందు ఇంజిన్ సంగతి. సాబ్ 99 కారులో 1972 నుంచి వాడిన 'బి' ఇంజిన్‌కు నాలుగు సిలిండర్లు, బోరు 90 మిల్లీమీటర్లు, స్ట్రోకు 78, మొత్తం 1985 సీసీ. నిటారుగా నిలబడదు, 45 డిగ్రీలు పక్కకు ఒరిగి ఉంటుంది. దాని పూర్వీకుడు బ్రిటన్‌లోని ట్రయంఫ్ ఇంజిన్. ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ కింద నుంచి పైకి వచ్చేలోగా 496 సీసీల జాగాను ఊడ్చుకొస్తుంది. అందులో ఉన్న గాలీ పెట్రోలూ అంతా పైన మిగిలిన చిన్న గదిలోకి కుక్కుకోవాలి. ఆ గది చిన్నదైనకొద్దీ కంప్రెషన్ రేషియో పెరుగుతుంది. టర్బో లేని మోడల్‌లో రేషియో 9కి పైనే, అంటే గది సుమారు 60 సీసీ. అదే ఇంజిన్‌కు టర్బో పెట్టినప్పుడు రేషియోను 7.2కి దించారు. అప్పుడు గది 80 సీసీ. తేడా 20 సీసీ. దగ్గు మందు సీసా మీద ఉండే 10 మిల్లీలీటర్ల మూతతో కొలిస్తే రెండు మూతలు. ఈ వ్యాసం మొత్తం ఆ రెండు మూతల జాగా గురించే.

ఆ జాగాకు అంత విలువ ఎందుకు? సైకిల్‌కు గాలి కొట్టిన ప్రతివాళ్లకూ పంపు అడుగుభాగం వేడెక్కడం తెలుసు. గాలిని అదిమితే వేడెక్కుతుంది. బాగా అదిమి, వేడెక్కించి, ఆ తర్వాత మండిస్తే, మంటకు వ్యాకోచించే దారి పొడవవుతుంది. పెట్రోలులోని శక్తి పొగగొట్టం లోంచి పారిపోకముందే పిస్టన్ దాన్ని ఎక్కువగా పిండుకుంటుంది. పాఠ్యపుస్తకాల్లోని ఆదర్శ లెక్క ప్రకారం 7.2 రేషియో దగ్గర ఇంధనశక్తిలో దాదాపు 55 శాతం పనిగా మారాలి, 9 దగ్గర 58 శాతానికి పైన, 14 దగ్గర 65 శాతం. నిజం ఇంజిన్ ఏదీ ఆ దరిదాపులకు రాదు, రాపిడి, వేడి నష్టం సగం తినేస్తాయి. అయినా వరస మారదు. కంప్రెషన్ తగ్గించిన ఇంజిన్ రోజంతా, రెడ్ సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడు కూడా, పెట్రోలును కాస్త కాస్త వృథా చేస్తూనే ఉంటుంది. ఆటోనగర్‌లో "కంప్రెషన్ పోయింది" అన్నారంటే ఆ ఇంజిన్ పని అయిపోయినట్టే. కావాలని కంప్రెషన్ తగ్గించుకోవడం ఇంజినీరుకు మనసు ఒప్పే పని కాదు.

మరి సాబ్ ఎందుకు తగ్గించుకుంది? టర్బో కోసం. పొగగొట్టం లోంచి వృథాగా పోయే వేడి వాయువుతో ఒక చక్రం తిప్పి, అదే ఇరుసు మీది రెండో చక్రంతో బయటి గాలిని సిలిండర్లలోకి బలవంతంగా నెట్టడం టర్బో పని. మామూలు పీడనం మీద అదనంగా ఎంత నెడితే అంత బూస్ట్. సాబ్ 99 టర్బోలో అది 0.7 బార్. సిలిండర్ పరిమాణం మారకుండానే గాలి పెరుగుతుంది. గాలికి తగ్గట్టు పెట్రోలు పోయవచ్చు. కానీ ఊదిన గాలి చల్లగా రాదు. 27 డిగ్రీల గాలిని 0.7 బార్ దాకా ఒత్తితే, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతమనుకున్నా, అది 90 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ తొలి సాబ్‌లో దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్ లేదు. అంటే దాదాపు మరిగే నీళ్లంత వేడి గాలి సిలిండర్‌లోకి వచ్చి, అక్కడ పిస్టన్ చేత మళ్లీ అదమబడుతుంది. ముందు టర్బో అదుముడు, తర్వాత పిస్టన్ అదుముడు. ఒక ఒరలో రెండు కత్తులు.

ఒర చిరిగే చోటు పేరే నాకింగ్. స్పార్క్ ప్లగ్ దగ్గర మొదలైన మంట నెమ్మదిగా పాకుతూ గది చివరికి చేరాలి. చివర మూలన మిగిలిన మిశ్రమం అప్పటికే వేడికీ ఒత్తిడికీ తట్టుకోలేని స్థితిలో ఉంటే, మంట రాకముందే తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటుంది. ఆ దెబ్బకు పీడన తరంగాలు సిలిండర్ గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకుంటాయి. గంటను సుత్తితో కొట్టినట్టే. గంట సైజును బట్టి నాదం ఉన్నట్టు, సిలిండర్ బోరును బట్టి నాకింగ్‌కు ఒక శ్రుతి ఉంటుంది. 90 మిల్లీమీటర్ల బోరుకు అది సెకనుకు ఆరేడు వేల కంపనాలు. కొద్దిసేపైతే చప్పుడుతో పోతుంది. ఎక్కువసేపైతే పిస్టన్ తల కరుగుతుంది, రింగుల గాడులు విరుగుతాయి, హెడ్ గాస్కెట్ ఎగిరిపోతుంది.

ఈ తగాదాను మొదట తీర్చబోయింది అమెరికన్లు. 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌ను తలచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. 3.5 లీటర్ల అల్యూమినియం వి8కి టర్బో తగిలించి, కంప్రెషన్‌ను తగ్గించకపోగా 10.25 దగ్గర ఉంచారు. ఏమిటా ధైర్యం అంటే, బానెట్ కింద ఒక తొట్టి. అందులో డిస్టిల్డ్ వాటర్, మిథనాల్ కలిపిన ద్రవం. దానికి టర్బో రాకెట్ ఫ్లూయిడ్ అని సినిమా పేరు. బూస్ట్ వచ్చినప్పుడల్లా ఆ ద్రవం గాలిలోకి చిమ్మి మిశ్రమాన్ని చల్లబరుస్తుంది. లెక్క తప్పు కాదు. తొట్టి ఖాళీ అయితే బూస్ట్‌ను కట్టేసే ఏర్పాటు కూడా పెట్టారు. కానీ కారు కొన్న పెద్దమనిషి తొట్టి నింపడం మరిచిపోతాడని మాత్రం అనుకోలేదు. చాలామంది మరిచిపోయారు. పికప్ పోయిందని షోరూమ్‌కు తెచ్చి టర్బోనే పీకించుకున్నవాళ్లూ ఉన్నారు. 1963తో ఆ కారు కథ ముగిసింది.

తర్వాత వచ్చిన జర్మన్లు ఎదురుదారి పట్టారు. 1973 నాటి బీఎండబ్ల్యూ 2002 టర్బోలో కంప్రెషన్ 6.9. పోర్షే తొలి 911 టర్బోలో 6.5. బూస్ట్‌కు కావలసినంత జాగా ముందే వదిలేశారన్నమాట. బూస్ట్ వచ్చాక ఆ కార్లు ఉరికే తీరు వేరు, పోర్షే 3 లీటర్ల నుంచి 260 హార్స్‌పవర్ తీసింది. వచ్చేదాకా మాత్రం కంప్రెషన్ లేని నీరసం. పెద్ద టర్బో చక్రం వేగం అందుకునేలోపు డ్రైవర్ ఎదురుచూడాలి, అందుకున్నాక వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఉంటుంది. వర్షంలో, మలుపు మధ్యలో ఆ తన్ను తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బీఎండబ్ల్యూ వాళ్లు ముందువైపు స్పాయిలర్ మీద 'టర్బో' అన్న మాటను అద్దంలో చదువుకునేలా తిరగరాశారు, ముందు కారువాడు చూసి పక్కకు తప్పుకోవాలని. సరిగ్గా చమురు సంక్షోభం నాడు! జర్మనీలో అది పెద్ద రచ్చ అయింది.

సాబ్ ఇల్లు ఇంత పెద్దది కాదు. విమానాల కంపెనీగా 1937లో పుట్టి, యుద్ధం తర్వాత ట్రోల్‌హెట్టన్ ఊళ్లో కార్లు మొదలుపెట్టింది. 1970లలో దానికి ఎక్కువ శక్తి కావాల్సి వచ్చింది, కానీ ఆరు సిలిండర్ల కొత్త ఇంజిన్ కనడానికి డబ్బు లేదు. 1969లో లారీలు చేసే స్కానియాతో కలిసింది కాబట్టి టర్బో డీజిల్ అనుభవం ఇంట్లోనే ఉంది. పెర్ గిల్‌బ్రాండ్ అనే ఇంజినీరు ముందుండి నడిపించిన బృందం అక్కడే తమ మొదటి తెలివైన నిర్ణయం తీసుకుంది. పెద్ద టర్బో వద్దు, చిన్నది చాలు.

చిన్న చక్రం తేలిక, తక్కువ పొగకే తిరుగుతుంది. ఎక్కువ వేగంలో పొగ మరీ ఎక్కువై చక్రం అదుపు తప్పకుండా వేస్ట్‌గేట్ అనే పక్క తలుపు ఉంటుంది. బూస్ట్ హద్దుకు రాగానే ఆ తలుపు తెరుచుకుని మిగిలిన పొగ చక్రాన్ని తాకకుండా బయటికి పోతుంది. చెరువు నిండాక అలుగు పారినట్టు. వేస్ట్‌గేట్ సాబ్ కనిపెట్టింది కాదు. దాన్ని మామూలు కుటుంబం కారులో, రోజూ నడిపే వేగాల కోసం వాడుకోవడం సాబ్ విజ్ఞత. 1977లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో 99 టర్బోను చూపించారు. అంతకుముందు ఒక 100 కార్లు కట్టి, వేరువేరు చోట్ల వేరువేరు మనుషులకు ఇచ్చి నడిపించారు. ఎగ్జాస్ట్ వాల్వుల కాడల్లో సోడియం నింపారు, వేడిని తల నుంచి కిందికి లాగేయడానికి. మొత్తం శక్తి 145 హార్స్‌పవర్. టర్బో లేని మంచి మోడల్‌లో అది 118. పెరిగింది 27 మాత్రమే, బ్రోచర్‌లో రాసుకోవడానికి పెద్ద అంకె కాదు. కానీ 235 న్యూటన్ మీటర్ల టార్క్ 3000 ఆర్‌పీఎంకే అందుతుంది. రెండు లేన్ల రోడ్డు మీద లారీని దాటాలనుకున్నప్పుడు కాలు కింద ఉండాల్సింది అదే. రెండేళ్లకు, 1979లో, స్టిగ్ బ్లూమ్‌క్విస్ట్ ఇదే కారుతో స్వీడిష్ ర్యాలీ గెలిచాడు. ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో టర్బో కారుకు అదే తొలి గెలుపు.

అయినా ఆ 7.2 అనే అంకె ఇంజినీర్లను సలుపుతూనే ఉంది. ఎందుకలా దించాల్సి వచ్చిందో చూడండి. కారు ఎవరి చేతిలో పడుతుందో, ఎంత నాసి పెట్రోలు పోస్తారో, ఎంత ఎండలో ఎంత ఎత్తు ఎక్కిస్తారో తెలియదు. అందుకని అన్నింటికంటే చెడ్డ రోజును ఊహించి దానికి సరిపడా జాగా వదలాలి. మంచి పెట్రోలు పోసుకుని చలికాలంలో సాఫీ రోడ్డు మీద పోతున్నవాడు కూడా ఆ చెడ్డ రోజు తాలూకు పన్ను ప్రతి కిలోమీటరుకూ కడుతూనే ఉంటాడు. పన్ను తప్పించాలంటే ఇంజిన్‌కు ఇవాళ ఎలాంటి రోజో తెలియాలి.

అక్కడ పుట్టింది ఏపీసీ. ఆటోమేటిక్ పెర్ఫార్మెన్స్ కంట్రోల్ అని పెట్టిన పేరు చప్పగా ఉంటుంది గానీ లోపలి సరుకు చప్పనిది కాదు. 1982 మోడల్ సాబ్ 900 టర్బోతో అది రోడ్డు మీదికి వచ్చింది. భాగాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు: బ్లాక్‌కు బిగించిన ఒక సెన్సర్, పీడనం కొలిచే ఒకటి, ఒక చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె, ఒక సోలినాయిడ్ వాల్వు. సెన్సర్ లోపల పీజో స్ఫటికం ఉంటుంది. దాన్ని కుదిపితే కరెంటు పుడుతుంది. గ్యాస్ లైటర్‌లో టక్కుమనేది ఆ జాతిదే. ఇంజిన్‌లో వందరకాల చప్పుళ్లున్నా, నాకింగ్ శ్రుతి ఏదో ముందే తెలుసు కాబట్టి పెట్టె ఆ శ్రుతినే ఏరి వింటుంది. మేస్త్రీ ఆటోనగర్ రొదలో చేసే పనే ఇది.

విన్నాక ఏం చేస్తుందన్నదే నన్ను కట్టిపడేసిన భాగం. వేస్ట్‌గేట్ తలుపును తెరిచేది బూస్ట్ పీడనమే, ఒక సన్నని గొట్టం గుండా వెళ్లి దాన్ని నెడుతుంది. సోలినాయిడ్ వాల్వు ఆ గొట్టంలోని పీడనంలో కొంత దొంగిలించి తిరిగి టర్బో ముంగిట్లోకి వదిలేస్తుంది. దాంతో తలుపుకు అసలు బూస్ట్ ఎంతో తెలియదు, తక్కువే ఉందనుకుని మూసుకునే ఉంటుంది. బూస్ట్ పెరుగుతుంది. పెరిగి పెరిగి ఎక్కడో చిన్న నాకింగ్ వినపడగానే పెట్టె ఆ దొంగతనం ఆపేస్తుంది. తలుపుకు నిజం తెలుస్తుంది, తెరుచుకుంటుంది. బూస్ట్ దిగుతుంది. నాకింగ్ పోయాక మళ్లీ మెల్లగా దొంగతనం మొదలు. ఇలా ఇంజిన్ ఎప్పుడూ తన హద్దును వేలితో తడుముతూ నడుస్తుంది. మంచి పెట్రోలు ఉంటే హద్దు దూరం జరుగుతుంది, నాసిదైతే దగ్గరికొస్తుంది. డ్రైవర్‌కు పికప్‌లో కాస్త తేడా తప్ప ఏమీ తెలియదు.

ఈ ఏర్పాటులో ఇంకో మర్యాద ఉంది. వైరు తెగినా, పెట్టె కాలినా, సోలినాయిడ్‌కు కరెంటు ఆగుతుంది. కరెంటు ఆగితే దొంగతనం ఆగుతుంది. బూస్ట్ తన కనీస స్థాయిలో ఉండిపోతుంది. పాడైనప్పుడు ఇంజిన్‌ను కాపాడే వైపుకే పడిపోయేలా గొట్టం కలిపారు. జెట్‌ఫైర్ వాళ్లు కూడా ఇదే ఆలోచించారు, కానీ వాళ్ల ఏర్పాటు యజమాని జ్ఞాపకశక్తి మీద ఆధారపడింది. ఇక్కడ యజమాని ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

నాకింగ్ వస్తే స్పార్క్‌ను కాస్త ఆలస్యం చేయడం ఇంకో దారి. అది త్వరగా పనిచేస్తుంది. కానీ ఆలస్యంగా మండిన మంట పిస్టన్‌ను సరిగా తోయకుండానే పొగగొట్టంలోకి వేడివేడిగా పోతుంది, టర్బో చక్రాన్ని కాలుస్తుంది, పెట్రోలు వృథా. తొలి ఏపీసీ ఆ జోలికి పోలేదు, బూస్ట్‌తోనే సరిపెట్టుకుంది. చక్రానికి జడత్వం ఉంటుంది కాబట్టి బూస్ట్ దిగడానికి ఓ క్షణం పడుతుంది, అదొక్కటే దీని లోపం. తర్వాతి తరాలు రెండు పద్ధతులూ కలిపి వాడాయి.

ఇన్ని చేస్తే వచ్చిందేమిటి? కంప్రెషన్ 7.2 నుంచి 8.5కి ఎక్కింది. గది 80 సీసీ నుంచి 66కి తగ్గింది. మూతన్నర జాగా తిరిగి చేతికొచ్చింది. హార్స్‌పవర్? అదే 145. ఇక్కడే ఆ మనుషుల స్వభావం నాకు అర్థమైంది. దొరికిన లాభాన్ని బ్రోచర్ మీద పెట్టలేదు, పెట్రోలు ట్యాంకులో పెట్టారు, తక్కువ వేగంలోని పికప్‌లో పెట్టారు. వేరే ఏ కంపెనీ మార్కెటింగ్ విభాగమైనా దానికి ఒప్పుకునేదా అని నా అనుమానం.

1984లో 16 వాల్వుల హెడ్, ఇంటర్‌కూలర్ వచ్చాయి. స్పార్క్ ప్లగ్ గది నడిమధ్యకు చేరింది, మంట ఏ మూలకైనా సమాన దూరమే పాకితే చాలు. మూలల్లో మిశ్రమం ఎదురుచూసే సమయం తగ్గింది, కంప్రెషన్ 9కి చేరింది, శక్తి 175కి. టర్బో లేని పాత ఇంజిన్ కంప్రెషన్ దరిదాపుల్లోకి టర్బో ఇంజిన్ వచ్చేసింది.

దీని తర్వాత వాళ్లు చెవినే మార్చేశారు. బ్లాక్ మీద వినే సెన్సర్ తలుపు బయట నిలబడి వినేలాంటిది. గది లోపలే ఒకటి ఉంది కదా, స్పార్క్ ప్లగ్! నిప్పురవ్వ వేశాక దానికి ఇక పనేమీ లేదు. ఆ ఖాళీ సమయంలో దాని కొనల మధ్య సుమారు 80 వోల్టులు పెడతారు. మంటలోని వాయువు అయనీకరణం చెంది ఉంటుంది కాబట్టి రవ్వంత కరెంటు దాని గుండా పారుతుంది. మంట సాఫీగా ఉంటే ఆ కరెంటు సాఫీగా, నాకింగ్ ఉంటే వణుకుతూ వస్తుంది. 1993లో వచ్చిన ట్రయోనిక్ వ్యవస్థలో స్పార్క్, పెట్రోలు, బూస్ట్ మూడూ ఒకే 32 బిట్ పెట్టె చేతికి ఇచ్చి, చెవిగా ప్లగ్‌నే పెట్టారు. ఏ సిలిండర్‌లో మంట పుట్టిందో ప్లగ్ చెబుతుంది కనుక క్యామ్ షాఫ్ట్ స్థితి చెప్పే సెన్సర్‌ను తీసేయగలిగారు. కొత్త పని చేరుస్తూ పాత భాగాన్ని తగ్గించడం ఎంతమందికి చేతనవుతుంది?

2000 మార్చిలో జెనీవాలో చూపించిన ఎస్‌వీసీ ఇంజిన్ దగ్గరకొచ్చేసరికి మాత్రం నా మెచ్చుకోలులో కొంచెం సందేహం కలుస్తుంది. ఆలోచన మాత్రం ఆకాశానికి ఎగిరింది. కంప్రెషన్‌కూ బూస్ట్‌కూ రాజీ కుదర్చడం ఎందుకు, కంప్రెషన్‌నే నడుస్తుండగా మార్చేస్తే పోలేదా? హెడ్‌నూ సిలిండర్లనూ ఒకే ముక్కగా పోతపోశారు. గాస్కెట్ గొడవే లేదు. ఆ పై సగాన్ని కింది క్రాంక్‌కేస్‌కు తలుపు బందులాంటి ఇరుసుతో కలిపి, హైడ్రాలిక్స్‌తో 4 డిగ్రీల దాకా ఒరిగేలా చేశారు. మధ్యన రబ్బరు తిత్తి. ఒరిగితే గది పెద్దదై రేషియో 8కి దిగుతుంది, నిలబడితే 14కి ఎక్కుతుంది. 1.6 లీటర్లు, ఐదు సిలిండర్లు, 225 హార్స్‌పవర్. ఒక్కో సిలిండర్ గది సుమారు 25 సీసీ నుంచి 46 దాకా మారుతుంది. బూస్ట్ 2.8 బార్. అంత బూస్ట్‌ను తడబాటు లేకుండా ఇవ్వగల టర్బో అప్పట్లో లేక బెల్టుతో తిరిగే సూపర్‌చార్జర్ పెట్టారు.

చూడ్డానికి అద్భుతం. అమ్మకానికి వచ్చిన ఏ కారులోకీ ఎక్కలేదు. ఆ ఏడాదే సాబ్ పూర్తిగా జనరల్ మోటార్స్ చేతికి వెళ్లింది, ఖర్చు ఎక్కువని ఎస్‌వీసీని పక్కన పెట్టేశారు. ఆ నిర్ణయాన్ని తిట్టిపోసే అభిమానులు ఇప్పటికీ ఉన్నారు. నాకు అంత కోపం లేదు. నిస్సాన్ 2018లో వేరే పద్ధతిలో, క్రాంక్‌కూ పిస్టన్‌కూ మధ్య అదనపు లింకులు పెట్టి, అవే 8, 14 అంకెల మధ్య కంప్రెషన్ మారే ఇంజిన్‌ను అమ్మకానికి తెచ్చింది. 2025లో అమెరికాలో ఆ ఇంజిన్ల బేరింగుల లోపానికి రీకాల్ ప్రకటించాల్సి వచ్చింది. లక్షలసార్లు దెబ్బలు తినే చోట కీళ్లు పెంచితే ఆ భారం ఎవరో ఒకరు మోయాలి. ఏపీసీ ఒక గొట్టంలోని గాలిని దొంగిలించి సాధించినదాన్ని ఎస్‌వీసీ ఇంజిన్‌ను మధ్యకు కోసి సాధించబోయింది. రెండింట్లో ఏది గొప్ప పనితనమంటే నా ఓటు మొదటిదానికే.

రేసుల్లో ఈ తగాదా ఇంకో రకంగా తీరింది. 1988లో ఫార్ములా వన్ నిబంధనలు టర్బో పీడనాన్ని వాతావరణ పీడనంతో కలిపి 2.5 బార్‌కు, పెట్రోలును 150 లీటర్లకు కట్టేశాయి. బూస్ట్‌కు తాళం పడితే మిగిలింది కంప్రెషనే. హోండా తన 1.5 లీటర్ల వి6లో దాన్ని 9.4కి తెచ్చి, 84 శాతం టాల్యూయీన్ ఉన్న ఇంధనంతో నాకింగ్‌ను ఆపి, 16 రేసుల్లో 15 మెక్‌లారెన్‌కు గెలిపించింది. ఆ ఇంధనం బంకులో దొరకదు, అందుకే నా దృష్టిలో సాబ్ పనే కష్టం.

ఇవాళ్టి లెక్కలు చూస్తే కళ్లు తిరుగుతాయి. 2019లో వచ్చిన మెర్సిడీస్ ఏఎంజీ ఎం139 ఇంజిన్ కూడా 2 లీటర్లదే, నాలుగు సిలిండర్లే. కంప్రెషన్ 9, బూస్ట్ 2.1 బార్, శక్తి 421. కంప్రెషన్‌ను మొత్తం పీడనంతో గుణించి "అసలు రేషియో" ఇంత అని చెప్పే షెడ్డు లెక్క ఒకటుంది. దాని ప్రకారం పాత సాబ్ 12కి అటూ ఇటూ, ఈ ఏఎంజీ దాదాపు 28! ఆ లెక్కే నిజమైతే అది మొదటి కిక్కులోనే పేలిపోవాలి. పేలదు, ఎందుకంటే మధ్యలో ఇంటర్‌కూలర్ వేడి లాగేస్తుంది, సిలిండర్‌లోకి నేరుగా చిమ్మిన పెట్రోలు ఆవిరవుతూ మిశ్రమాన్ని చల్లబరుస్తుంది, ప్రతి మంటనూ విడివిడిగా వింటూ స్పార్క్‌ను సరిచేసే పెట్టె ఉంది. జర్మనీలోని అఫల్టర్‌బాఖ్‌లో ఒక్కో ఇంజిన్‌ను ఒక్కరే మొదటి నుంచి చివరిదాకా కట్టి దాని మీద తమ పేరు పలక బిగిస్తారు. చూడముచ్చటైన ఆచారం. ఆ పలక పక్కనే ఎక్కడో పేరు లేని ఒక నాక్ సెన్సర్ కూడా ఉంటుంది.

సాబ్ కార్ల కంపెనీ 2011 డిసెంబర్ 19న దివాలా తీసింది. గిల్‌బ్రాండ్ 2016లో పోయారు. చెవి మాత్రం అందరి కార్లలోకీ వచ్చేసింది. హైదరాబాద్ రోడ్ల మీద తిరిగే లీటరు, లీటరుంబావు టర్బో పెట్రోల్ కార్లు కూడా అది లేకుండా బతకలేవు. మే నెల ఎండలో, ఏసీ పెట్టుకుని, ట్రాఫిక్‌లో ఆగి ఆగి పోయే కారుకు ఏ బంకు పెట్రోలు పోశారో దానికి ముందుగా ఎవరూ చెప్పరు కదా.

మీది అలాంటి కారైతే ఒక మాట. నాక్ సెన్సర్ సాధారణంగా బ్లాక్ పక్కన ఒకే బోల్టుతో బిగించి ఉంటుంది, పెద్ద రూపాయి బిళ్లంత ఉండే నల్లటి ఉంగరం. ఇంజిన్ పని చేయించినప్పుడు దాన్ని తీసి మళ్లీ పెట్టాల్సి వస్తే, బోల్టును చేతి అంచనాతో కాకుండా టార్క్ రెంచ్‌తో, మాన్యువల్‌లో రాసిన కొలతకే బిగించమనండి. చాలా కార్లలో అది 20 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. వదులైనా బిగుతెక్కువైనా అది తప్పుగా వింటుంది.